తలకిందుల రాజు

ఆ వేసవిలో మా అత్త సవేత అన్న ఒక్క "కాదు"కి మా ఇల్లు రెండు ముక్కలయింది. రెండో "కాదు" నాది. దానికి నన్ను తిట్టనివాళ్ళు మా వాడలో లేరు. తిట్టనీ. ఊరి నోటికి పెట్టే మూత మేమింకా తయారుచేయలేదు.

ఆల్‌బుఖారా చెట్లు కొమ్మలు విరిగేలా కాసిన ఏడాది అది. కాపు బాగుంటే రైతులు పళ్ళ సారా కాచుకుంటారు, సారా కాచాలంటే రాగి కాగు కావాలి, కాగు కావాలంటే మా దగ్గరికే రావాలి. ఓల్త్ నది పొడవునా, ఒకప్పుడు గుడారాల్లో తిరిగి ఇప్పుడు రాగి పని చేసుకునే మా రోమా వాళ్ళ వాకిళ్ళన్నిటా పొద్దున్నే సుత్తులు మోగుతున్నాయి. నా మొగుడు తోదోర్ రేకు వంచేవాడు. మరిది గ్రోఫో అతుకులు వేసేవాడు. నేను కళాయి వేసేదాన్ని. మా అత్త ఏ పనీ చేసేది కాదు గానీ, అందరి పనికీ వంకలు పెట్టే పని మాత్రం తీరిక లేకుండా చేసేది.

అలాంటి సమయంలో కబురొచ్చింది. వెనకటి సర్కారు లాక్కున్న బంగారాన్ని ఇప్పటి సర్కారు తిరిగిస్తుందట. ఎవరి నాణేలు వాళ్ళు గుర్తుపట్టి తీసుకోవాలట.

మా వాళ్ళ బంగారం పెట్టెల్లో ఉండదు. ఆడవాళ్ళ జడల్లో ఉంటుంది. తల్లి జడలోంచి కూతురి జడలోకి, అత్త జడలోంచి కోడలి జడలోకి వస్తుంది. సవేత కొత్తకోడలిగా ఉన్నప్పుడు అప్పటి పోలీసులు వచ్చి, ఆమెను ఇదే వాకిట్లో అందరి ముందూ నిలబెట్టి, రెండు జడలూ విప్పి, నాణేలన్నీ కోసుకుని పోయారు. ఆ రోజు నుంచి ఆమె జడలో బంగారం పెట్టుకోలేదు. ఎరువిస్తామన్నా పుచ్చుకోలేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే మాత్రం ముందు వరసలోనే కూర్చునేది, ఆ బోడి జడలు రెండూ ముందుకి వేసుకుని, కళ్ళారా చూడండి అన్నట్టు.

నేను ఆమెకి తల దువ్వుతుంటే తన నాణేలను వరసగా చెప్పేది. చెవి పక్కన కోడిపుంజు, దాని కింద గుర్రమాయన, ఆ కింద తల లేని సుల్తాను, చిట్టచివర పెద్ద రాజు. నేను వాటిని కళ్ళతో చూసింది లేదు. నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా చెప్పగలను.

నేను కాస్త చదువుకున్నదాన్నని, ఆఫీసుల భాష తెలుసని ఆమె నన్నే తోడు తీసుకుని రాజధానికి వెళ్ళింది.

అక్కడి గుమాస్తా కుర్రాడు కలం పట్టుకుని, "ఏ దేశం నాణేలు? ఏ సంవత్సరంవి?" అన్నాడు.

"దేశాలతో నాకేం పని నాయనా? రాసుకో. ఒకటి కోడిపుంజు. ఒకటి గుర్రమెక్కి పాముని పొడుస్తుంటాడే, ఆయన. ఒకదానికి తలే లేదు, గిలుకుడు రాత ఒక్కటే."

అతను నవ్వాడు. "నువ్వు చెప్తున్నది బంగారమా, పశువుల సంతా అమ్మా?"

మూల బల్ల దగ్గర ఒక బక్కపలచటి ముసలాయన భూతద్దంతో ఏదో చూస్తున్నాడు. భూతద్దాన్ని బూటు తాడుతో మెడకి కట్టుకున్నాడు. నాణేలు గుర్తుపట్టడమే ఆయన ఉద్యోగమట. పేరు నికులెస్కు.

"నవ్వకుండా రాయవయ్యా," అన్నాడు తల ఎత్తకుండానే. "కోడిపుంజు ఫ్రాన్సుది, ఇరవై ఫ్రాంకుల బిళ్ళ. గుర్రమాయన ఇంగ్లండు సవరను. తల లేనిది తుర్కీది. సుల్తానులు బొమ్మ వేయించుకోరు, సంతకమే వేయిస్తారు. ఇంకా ఏమున్నాయమ్మా?"

మా అత్త ఆయన వైపు తిరిగింది. ఇక గుమాస్తా ఆమె లెక్కలో లేడు. "ఇంకోటి పెద్దది. పల్చగా ఉంటుంది, నా అరచేతిలో సగం. రాజు, తల మీద ఆకులు."

"ఆస్ట్రియా వాళ్ళ నాలుగు దుకాతుల బిళ్ళ."

"తలకిందులుగా ఉంటాడు."

"నాణెం తలకిందులుగా ఉండదమ్మా. మనం పట్టుకోవడంలో ఉంటుంది అది."

"నా జడలో తలకిందులుగానే ఉండేవాడు."

గుమాస్తా అది రాసుకోలేదు. నికులెస్కు మాత్రం భూతద్దం దించి ఆమెను కాసేపు చూశాడు.

ఆ తలకిందుల సంగతి మా వాళ్ళలో అందరికీ తెలుసు. జడకి కుట్టే నాణేనికి చిల్లు రాజు తలపైన వేయాలి, అప్పుడు నిటారుగా వేలాడతాడు. మా అత్త పుట్టింటివాళ్ళది మాత్రం గడ్డం కింద వేశారు. కంసాలి తాగి వేశాడనీ, వీళ్ళ రాజు కూడా తాగి పడ్డాడనీ ఆడవాళ్ళు ఆటపట్టించేవారట. నేనూ అది పొరపాటనే అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఉడికించిన గుడ్డు ఒలుస్తూ, మా అత్త అసలు సంగతి చెప్పింది.

"మా అవ్వ కొండల అవతల పుట్టిందే. అక్కడ ఆ రాజు సైన్యం టోపీ పెట్టుకున్న జవాను ఒకడు, గుడారం తీయడం ఆలస్యమైందని, ఆమె జడ కోసేశాడు. తర్వాత ఎన్నాళ్ళకో ఏదో సంతలో ఆ రాజు బిళ్ళ మా అవ్వ చేతికొచ్చింది. బంగారం, పారేస్తామా? కంసాలి దగ్గరికి పోయి గడ్డం కింద కొట్టు చిల్లు అంది. వాడు, అమ్మా తలకిందులవుతాడే అన్నాడట. అవనీ, నా జడ కోయించినవాడు నా జడలోనే, నేను బతికున్నన్నాళ్ళూ తలకిందులుగా వేలాడనీ అందట."

"మరి అందరూ నవ్వుతుంటే చెప్పలేదేం?"

"నవ్వేవాళ్ళకి సంజాయిషీ ఎందుకే? ఉప్పు ఇటివ్వు."

కాయలు రంగు తిరుగుతున్న రోజుల్లో మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి అన్నదమ్ములిద్దరూ పని ఆపుకుని, పెద్ద టోపీలు దులుపుకుని వెంట వచ్చారు. లోపలికి మాత్రం ఇద్దరినే రానిచ్చారు, సవేతను, తోడుగా నన్ను. అన్నదమ్ములు తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డారు.

లోపల అధికారిణి ఒకావిడ కూర్చుని ఉంది, మూల బల్ల దగ్గర నికులెస్కు ఉన్నాడు. గుమాస్తా కుర్రాడు పళ్ళెం పట్టుకొచ్చి, బల్ల మీద కాగితాలు ఉండటంతో, పక్కన కుర్చీలో పెట్టాడు.

మా అత్త చేతులు కట్టుకుని నిలబడింది. "తల మీద పెట్టుకునేది తీసుకెళ్ళి కూర్చునేచోట పెడతాడా? వీడికి తల్లి ఏం నేర్పింది?"

గుమాస్తాకి అర్థం కాలేదు. "బల్ల మీద పెట్టండి. అక్కడుంటే ఆమె ముట్టుకోదు," అన్నాను. కాగితాలు జరిగాయి. పళ్ళెం పైకొచ్చింది.

దేవుడా, ఆ మెరుపు. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గెందుకు, నా నోట్లో నీళ్ళూరాయి. కోడిపుంజులు, గుర్రమాయనలు, సుల్తాను సంతకాలు, అన్నిటికంటే పెద్దగా రాజులు. గ్రోఫోకి కాగులు సంతలకి తోలుకెళ్ళే లారీ కావాలి. నాకూ తోదోర్‌కీ రెండు గదులు కావాలి, పెళ్ళైనప్పటి నుంచీ అత్త గురక వింటూ పడుకుంటున్నాం. అన్నీ ఆ పళ్ళెంలో ఉన్నాయి.

"మీరు చెప్పిన రకాలన్నీ ఉన్నాయి, బరువూ సరిపోయింది," అంది అధికారిణి. "ఇవి మీ నాణేలేనని గుర్తుపట్టినట్టు చెప్పండి. ఔనంటే చాలు, పట్టుకెళ్ళొచ్చు."

సవేత పెద్ద రాజుని రెండు వేళ్ళతో తీసి, అంచు చుట్టూ గోరు తిప్పింది. మరొకటి తీసింది. కోడిపుంజుని కూడా తడిమింది.

"ఒక్కదానికీ చిల్లు లేదు. ఇవి జడ ఎరగనివి. నాయనా," అని నికులెస్కుని పిలిచింది, "ఈ రాజు ఎప్పుడు పుట్టాడు?"

"దాని మీదే ఉందిగా, పంతొమ్మిది వందల పదిహేను," అంది అధికారిణి.

నికులెస్కు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపు నాకు కనపడింది. ఆయనకీ కనపడే ఉంటుంది. "తేదీ అదేనమ్మా," అన్నాడు. "అయితే ఆ తేదీ వేసే ఇవాళ్టికీ కొడుతూనే ఉన్నారు. దీని వాలకం చూస్తే కొత్తది."

"నావి ఏమయ్యాయి?"

నికులెస్కు అధికారిణి వైపు చూశాడు. చివరికి అధికారిణే అంది, "నాణేలు సేకరించేవాళ్ళు చిల్లులు పడ్డవాటిని కొనరు. అలాంటివి చాలావరకు కరిగించేశారు. బంగారం బంగారమే కదమ్మా, దీనికంత ఆలోచన ఎందుకు?"

"అయితే ఇవి నావి కావు. మీవి."

"మీకే ఇస్తామంటున్నాం కదా."

"అలాగైతే, మీవి కరిగించేశాం, బదులుగా ఇవి ఇస్తున్నాం అని రాసివ్వండి. తీసుకుంటాను."

"అలా రాయడానికి లేదు. మీ వస్తువు మీకు తిరిగివ్వడమే మా పని. మీది కానిది మేమెలా ఇస్తాం? ఇవి మీవేనని మీరు అనాలి."

"కాదు," అంది సవేత.

నాకు అప్పుడు అర్థమైంది. ఔనంటే, వాళ్ళు లాక్కున్నది చెక్కుచెదరకుండా తిరిగిచ్చేసినట్టు. కరిగించిందీ లేదు, కోసిందీ లేదు. అన్నాళ్ళ బోడి జడలు ఉత్తి ముసలమ్మ పంతం.

అధికారిణి నిట్టూర్చి నా వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది. "మీ అత్తగారు పెద్దావిడ, మరిచిపోయి ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టినా సరిపోతుంది. ఏమ్మా, ఇవి మీ ఇంటివేనా?"

తలుపు దగ్గర గ్రోఫో మీసాలు ఊగేలా తల ఆడిస్తున్నాడు, ఔనను, ఔనను అని. తోదోర్ టోపీ చేతిలో పట్టుకుని దాని లోపలికి చూస్తున్నాడు. మా అత్త నా మొహం వైపు కూడా చూడలేదు. కిటికీలోంచి ట్రామును చూస్తోంది.

"ఆమె కాదంది కదండీ," అన్నాను. "నేనూ అదే. కాదని రాసుకోండి."

గ్రోఫో తలుపు మీద ఒక్క గుద్దు గుద్ది వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్ల కిందిదాకా వినిపించింది.

అధికారిణి పళ్ళెం తీయించేస్తుంటే నికులెస్కు ఆగమని లోపలికి వెళ్ళాడు. ఒక అట్టపెట్టె తెచ్చాడు. "ఇవి దెబ్బతిన్నవి. ఎవరో చిల్లులు పూడ్చి, మంచివాటిలా అమ్ముదామని చూశారు. పూడ్చింది కనపడుతుంది కాబట్టి కరగకుండా ఇక్కడే పడి ఉన్నాయి. చూద్దాం."

"గడ్డం కింద చూడు నాయనా," అంది మా అత్త.

ఒక పెద్ద రాజుని తీశాడు. పూడ్చిన చోటు తలపైన ఉంది. పక్కన పెట్టాడు. ఇంకొకటి, అదీ తలపైనే. నాలుగైదు అలాగే పోయాయి. తర్వాత ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. భూతద్దం నాకిచ్చాడు. రాజు గడ్డం కింద బియ్యపుగింజంత మేర పసుపు వేరుగా ఉంది.

అది ఆమె చేతిలో పెట్టాడు. ఆమె భూతద్దం అడగలేదు. బొటనవేలు దాని మీద పెట్టింది, అంతే, కళ్ళలో నీళ్ళు బొటబొటా కారాయి. ఏడుస్తూనే అధికారిణితో, "వీడు నావాడు," అంది.

"అదొక్కటే ఇవ్వగలం. తక్కినవాటి మీద హక్కు వదులుకున్నట్టేనా?"

"వదలలేదు. ఎక్కడున్నాయో వెతకండి. దొరక్కపోతే ఏం చేశారో చెప్పండి. నేను బతికే ఉన్నాను."

ఇంటికొచ్చాక జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు గింగురుమంటాయి. గ్రోఫో వాకిట్లో నిలబడి వాడంతా వినేలా అరిచాడు. "పళ్ళెంనిండా పెట్టి ఇస్తే కాలదన్ని వచ్చారు. అవతలి వాడలో వోయికా పెద్దమ్మ ఔనంది, జడలనిండా తెచ్చుకుంది. ఆమెకేం బుద్ధి లేదా? అమ్మకి వయసు మళ్ళింది సరే, ఈ వదినకేం పుట్టింది?"

"నీ పెళ్ళాం జడ విప్పి, విప్పలేదని నీచేతే చెప్పిస్తే చెప్తావా?" అన్నాను.

"లారీ కొనిస్తే చెప్తాను."

అలా అన్నాడు. వాడి పెళ్ళాం గుమ్మంలో నిలబడి అది వింది, వాళ్ళ సంగతి వాళ్ళది. మర్నాడే గ్రోఫో సుత్తులూ మూసలూ మూటగట్టుకుని, పెళ్ళాంతో సహా అత్తారింటి వాకిట్లోకి మారిపోయాడు. కాగులు సగంలో ఉన్నాయి. రైతులు గేటు దగ్గర నిలబడి పళ్ళు మగ్గిపోతున్నాయంటున్నారు. అతుకులు వేయడం నేను నేర్చుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. నీళ్ళ పంపు దగ్గర నన్ను ఒంటిబిళ్ళ కోడలు అని పిలిచేవారు. పిలిస్తే పలికేదాన్ని.

తోదోర్ తిట్టలేదు. అదే పెద్ద బాధ. అసలు మాట్లాడటమే మానేశాడు. రేకు పట్టుకోమనాలంటే సుత్తితో దాగలి మీద రెండుసార్లు కొట్టేవాడు, నేను వెళ్ళి పట్టుకునేదాన్ని. ఆ రెండు గదులు నాక్కూడా కావాలనుకున్నవేనని అతనికి తెలుసు. ఆ పళ్ళెం మెరుపు నా కళ్ళలోంచి పోలేదు. బాధ లేదంటే అబద్ధమవుతుంది. కానీ మా అత్త జడలోంచి నాణేలు కోసుకుపోయినవాళ్ళకి, కోయనే లేదని నా నోటితో సాక్ష్యం చెప్పేదాన్ని కాను. మళ్ళీ అడిగినా చెప్పను.

ఆ నాణెం, పూడ్చిన చిల్లుతోనే, మా అత్త రుమాలు కొంగులో ఉండిపోయింది. చిన్న మరియమ్మ పండగకి మా వాళ్ళంతా కొండల్లో చర్చి మఠం దగ్గర పచ్చికలో చేరతారు. అన్ని ఊళ్ళ కుటుంబాలు, జడలనిండా బంగారాలు, పెళ్ళి మాటలు, తగవుల తీర్పులు అన్నీ అక్కడే. ఆ పొద్దున నేను కాఫీ కాస్తుంటే తోదోర్ దాగలి మీద గుడ్డ పరిచి, సన్నటి ఉలి తీసి, తల్లిని పిలిచాడు.

"అమ్మా, ఏదీ, ఆ రాజుని ఇటివ్వు. చిల్లు ఎక్కడ తెరవాలి?"

"ఎక్కడుందో అక్కడే."

"తలపైన వేస్తే నిటారుగా ఉంటాడే. నలుగురూ నవ్వరు. ఇప్పుడు ఆ రాజూ లేడు, ఆ జవానూ లేడు."

"రాజు లేడు. టోపీలు మారాయి గానీ జవాను ఉన్నాడురా. మొన్న పళ్ళెం పట్టుకుని కూర్చుంది ఎవరనుకున్నావు?"

తోదోర్ ఉలి గడ్డం కింద ఆనించి ఒక్క దెబ్బ కొట్టాడు. పూడ్చిన ముక్క ఎగిరి బూడిదలో పడింది. బంగారమే అయినా దాన్ని ఎవరూ వెతకలేదు. అతను నాణేన్ని చొక్కా అంచుతో తుడిచి నా చేతికిచ్చాడు.

"నువ్వు అల్లు. నీ అతుకులు బాగా కుదురుతున్నాయి," అన్నాడు. కాయలు రంగు తిరిగిన నాటి నుంచి నాతో అతనన్న మొదటి మాట అది. కాఫీ పొంగి నిప్పుల్లో పడింది, నేను చూసుకోలేదు.

పండగలో సవేత పచ్చిక నడిమధ్యన దుప్పటి పరిపించుకుని కూర్చుంది. కుడి జడ చివర ఒకే ఒక్క రాజు, తలకిందులుగా. చుట్టూ ఆడవాళ్ళు కదిలితే గలగలమంటున్నారు. ఆమె కదిలితే చప్పుడే లేదు. ఎవరొచ్చి నవ్వినా, "వాడికి అలవాటే లే, నా చిన్నప్పటి నుంచీ అంతే," అంటోంది. ఎందుకు తలకిందులని అడిగినవాళ్ళకి మాత్రం ఈసారి మొత్తం కథ చెప్పింది. జవాను జడ కోసిన దగ్గర నుంచి, అధికారిణి పళ్ళెం, అట్టపెట్టె దాకా. గొంతు తగ్గించలేదు. అవతల వేపుడు మాంసం దగ్గర నిలబడిన గ్రోఫోకి కూడా వినపడింది. వాడు రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

మధ్యాహ్నం వోయికా పెద్దమ్మ వచ్చింది. ఆమె జడలు ఎండలో కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉన్నాయి. అంత బంగారం వేసుకున్న మనిషి నడక వేరేగా ఉండాలి, ఆమె మాత్రం తల వంచుకుని వచ్చింది. మా అత్త ముందు కూర్చుని, ఆ ఒంటి రాజుని చేతిలోకి తీసుకుని, అరిగిన అంచును చాలాసేపు తడిమింది. తర్వాత లేచి, నీళ్ళు తెస్తానని వెళ్తున్న నా వెంటే బావి దాకా వచ్చింది.

"మింద్రా," అని నన్ను పేరు పెట్టి పిలిచింది. చుట్టూ చూసి, తన జడలోంచి ఒక కోడిపుంజుని ఇవతలికి లాగింది. "చూడవే. అంచు బ్లేడులా ఉంది. రోజూ మెడ గీసుకుంటోంది. మా అమ్మవి నున్నగా సబ్బు ముక్కల్లా ఉండేవి."

నేను ఆ అంచు మీద వేలు పెట్టి చూశాను.

"నేను ఔనన్నాను," అంది. "నా కొడుకులు పక్కనే నిలబడ్డారు, ఆవిడ మంచిగా అడిగింది, ఔననేశాను. ఇవి నావి కావే. ఒక్కటీ కాదు." కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఒకసారి ఔనన్నవాళ్ళు మళ్ళీ వెళ్ళి కాదనకూడదని ఎక్కడైనా ఉందా?"

"ఉన్నా సరే, వెళ్ళు."

"ఆ అట్టపెట్టె వాళ్ళ దగ్గరింకా ఉంటుందా?"

"ఉంటుంది. పెద్ద పళ్ళెం పట్టుకుని కూర్చునే ఆవిడని అడక్కు. మూల బల్ల దగ్గర ముసలాయన ఉంటాడు, మెడలో భూతద్దం. ఆయన్ని అడుగు."

ఆమె కోడిపుంజుని జడలోకి దోపలేదు, పిడికిట్లోనే పెట్టుకుంది. "ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదింటికి. తెరవకపోతే తలుపు బాదు, పెద్దమ్మా. నేనూ వస్తాను, ఇద్దరం కలిసి బాదుదాం."